పంట ప్రశ్నలు: బ్యాక్టీరియా మందు ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు?

ప్రశ్న: యాసంగి పల్లిలో ఊడలు దిగేటప్పుడు మొక్కలు అక్కడక్కడా వాడి చచ్చిపోతున్నాయి. సూడోమోనాస్ (తెగుళ్లను అడ్డుకునే బ్యాక్టీరియా మందు) కలిపి మొదళ్లలో పోసినా ఆగలేదు. మందు నకిలీదా?
– ఒక రైతు, వనపర్తి జిల్లా

జవాబు: అసలు మందైనా ఆ దశలో తెగులును ఆపడం దాని వల్ల కాదు. చచ్చిన మొక్కను పీకి మొదలు చూడండి. తెల్లటి బూజు పోగులు, వాటి మీద ఆవగింజంత గోధుమరంగు గుండ్లు కనిపిస్తే అది స్క్లీరోషియం కాండం కుళ్లు. నల్లటి పొడి రాలుతుంటే ఆస్పర్‌జిల్లస్ మొదలు కుళ్లు. అది ఎక్కువగా మొలక దశలోనే చంపుతుంది కాబట్టి మీ చేన్లో ఉన్నది మొదటిదే అయ్యుంటుంది.

ఈ శిలీంధ్రాల పోగు గోడలో ముఖ్యమైనవి కైటిన్, గ్లూకాన్. బాసిల్లస్, స్ట్రెప్టోమైసిస్, కొన్ని సూడోమోనాస్ రకాల బ్యాక్టీరియాలు వదిలే కైటినేజ్, గ్లూకనేజ్ ఎంజైములు ఆ గోడను కోస్తాయి. పెరిగే కొస దగ్గర గోడ లేతగా ఉంటుంది. ముందు తెగేది అక్కడే; లోపలి ఒత్తిడికి కొస ఉబ్బి పగిలిపోతుంది. గుండ్ల సంగతి వేరు. వాటి మీద మెలనిన్ పట్టిన గట్టి పెంకు ఉంటుంది, ఎంజైము దానిలోకి సులభంగా దిగదు. పైగా మొదలు చుట్టూ కుళ్లాక మొక్కకు నీరెక్కే దారే ఉండదు. సూడోమోనాస్‌కు ఎంజైములకన్నా పెద్ద ఆయుధాలు వేరే ఉన్నాయి: నేలలోని ఇనుమును శిలీంధ్రానికి అందకుండా పట్టేసే పదార్థాలు, యాంటీబయాటిక్‌లు. అవి పనిచేయాలంటే తెగులుకన్నా ముందే ఆ బ్యాక్టీరియా వేరు మీద స్థిరపడాలి.

కాబట్టి వచ్చే పంటకు విత్తనంతోనే మొదలుపెట్టండి. 10 కిలోల పల్లి విత్తనానికి 100 గ్రాముల సూడోమోనాస్ పొడి, చల్లారిన గంజి 100–150 మి.లీ. చాలు. గంజి ఎక్కువైతే పప్పు మీది పొర ఊడి మొలక దెబ్బతింటుంది. చేతితో నలపకుండా గోనె మీద పొర్లించి, నీడలో ఆరబెట్టి, అదే రోజు విత్తండి. ఎకరాకు 2 కిలోల పొడిని 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీళ్లు చిలకరించి, తడి గోనె కప్పి వారం రోజులు నీడలో ఉంచండి. ముద్ద చేస్తే పిండినప్పుడు నీరు కారకూడదు. ఆఖరి దుక్కిలో పదును ఉన్నప్పుడు చల్లండి. పొడి నేలలో చల్లితే వృథా. ఎండాకాలంలో లోతు దుక్కి చేసి గుండ్లను కిందికి తిప్పడం, మధ్యలో ఒక పంట జొన్నో మక్కో వేయడం కూడా తప్పదు.

ప్రశ్న: బత్తాయికి మొదట్లో బంక కారుతోంది. కైటినేజ్ ఎక్కువున్న బ్యాక్టీరియా మందు అని అమ్ముతున్నారు. వాడొచ్చా?
– ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: ఆ మాట విని డబ్బు పెట్టకండి. బంక తెగులుకు కారణం ఫైటోఫ్తోరా. బూజులాగే కనిపించినా అది అసలు శిలీంధ్రం కాదు. దాని గోడలో గ్లూకాన్, సెల్యులోజ్ ఎక్కువ, కైటిన్ దాదాపు ఉండదు. కోయడానికి అక్కడ ఏమీ లేనప్పుడు కైటినేజ్ ఏం చేస్తుంది? బంక కారే చోట కుళ్లిన బెరడును ఆరోగ్యమైన కణజాలం కనిపించేదాకా గీకి, బోర్డో పేస్టు (మైలుతుత్తం 1 కిలో, సున్నం 1 కిలో, నీరు 10 లీటర్లు) పూయండి. పాదులో నీరు మొదలుకు తగలకుండా డబుల్ రింగు (మొదలు చుట్టూ లోపల ఒక గట్టు, బయట ఒక గట్టు) కట్టండి. పాదులోకి సూడోమోనాస్ కలిపిన పశువుల ఎరువు వేసుకోవచ్చు, కానీ రాగి మందును అదే పాదులో పోయకండి, బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

ప్రశ్న: కిలో పొడిని 200 లీటర్ల డ్రమ్ములో బెల్లంతో పెంచితే ఖర్చు తగ్గుతుందంటున్నారు. నిజమేనా?
– ఒక పత్తి రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: మూత తీసిన డ్రమ్ములో బెల్లం నీళ్లు తాగడానికి ఊళ్లో ఉన్న సూక్ష్మజీవులన్నీ వస్తాయి. రెండు రోజుల్లో కల్లు వాసన వస్తే పెరిగింది ఈస్టు. పుల్లటి వాసన వస్తే పులిసే బ్యాక్టీరియా. మీరు వేసినది ఎంత మిగిలిందో ప్రయోగశాలలో తప్ప తెలియదు. ఖర్చు తగ్గించుకోవాలంటే విత్తనశుద్ధికే వాడండి, అతి తక్కువ పొడి పట్టేది అక్కడే.

ప్రశ్న: పోయినేడు మిగిలిన ప్యాకెట్లు వాడొచ్చా? రసాయన విత్తనశుద్ధితో కలపొచ్చా?
– ఒక రైతు, గద్వాల

జవాబు: సూడోమోనాస్‌కు వేడిని తట్టుకునే సిద్ధబీజాలు (స్పోర్లు) ఉండవు. మన మే నెల ఎండలో రేకుల షెడ్డులో ఉన్న ప్యాకెట్టును పారేయడమే మేలు. బాసిల్లస్ గట్టి సిద్ధబీజాలు కడుతుంది కాబట్టి వేడిని తట్టుకుంటుంది, దాన్ని లేబుల్ మీది గడువు వరకూ నీడలో ఉంచి వాడుకోవచ్చు. రసాయన మందు ముందు పట్టించి, ఆరాక, విత్తే ముందు బ్యాక్టీరియా పట్టించండి. రాగి మందులు, స్ట్రెప్టోసైక్లిన్ (బ్యాక్టీరియాను చంపే యాంటీబయాటిక్) మాత్రం దాని దగ్గరికి రానివ్వకండి. ట్రైకోడెర్మా అయితే లెక్క తిరగబడుతుంది: అది శిలీంధ్రమే కాబట్టి శిలీంధ్రాలను చంపే మందు కార్బెండజిమ్ దాన్నీ చంపుతుంది.