టెక్ సందేహాలు: పాత ఆట ఆడండి, యాంటీవైరస్ మాత్రం ఆపకండి

"సార్, ఇంజినీరింగ్ రోజుల్లో విజయనగరంలో రూమ్మేట్ కంప్యూటర్ మీద బాల్డర్స్ గేట్ ఆడేవాళ్లం. ఆ ఐదు సీడీలూ ఇప్పటికీ నా దగ్గరున్నాయి. కొత్త ల్యాప్‌టాప్‌కి సీడీ డ్రైవ్ లేదని బయటది కొని తగిలించాను, అయినా ఆట సరిగ్గా నడవలేదు. మా అబ్బాయి టెలిగ్రామ్‌లో 'ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్, అన్ని ఎక్స్‌పాన్షన్లతో ఫ్రీ' అని ఉంటే దించాడు. ఇన్‌స్టాల్ చెయ్యాలంటే యాంటీవైరస్ ఆపమంటోంది. ఏటి చెయ్యమంటారు?" అని రాజాం నుంచి ఒక పాఠకుడు అడిగారు.

ఆపకండి. ఇదే ప్రశ్న ఈమధ్య బొబ్బిలి నుంచి వచ్చింది, చీపురుపల్లి నుంచి వచ్చింది, పలాస నుంచి రెండుసార్లు వచ్చింది. ఒక్కో ఉత్తరంలో ఒక్కో ఆట. యాంటీవైరస్ ఆపమనే షరతు మాత్రం అన్నిట్లోనూ ఉంది. అందుకే ఈ వారం మిగతా సందేహాలు పక్కన పెట్టాను.

ముందు సీడీల సంగతి. ఆ ఆట 1998 డిసెంబరులో వచ్చింది. 640×480 తెర కోసం గీసిన బొమ్మలవి. ఇప్పటి విండోస్ మీద, వెడల్పాటి తెర మీద వాటితో కుస్తీ పట్టి లాభం లేదు. ఆ కాలం ఆటల్లో కొన్నిటికి సీడీని కాపీ చెయ్యకుండా సేఫ్‌డిస్క్ అనే తాళం ఉండేది. దాని డ్రైవర్‌లోనే భద్రతా లోపం ఉండటంతో విండోస్ 10 నుంచి దాన్ని అసలు నడవనివ్వడం లేదు. సీడీలు జ్ఞాపకంగా దాచుకోండి, వాటి కోసం ఇంకో రూపాయి ఖర్చు పెట్టకండి.

బీమ్‌డాగ్ సంస్థ పాత ఆటనే ఇప్పటి కంప్యూటర్లకి తగ్గట్టు దిద్ది 2012లో తెచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ కొనుక్కోండి. సేల్ ఉన్నప్పుడు ధర బాగా దిగుతుంది. 1999లో విడిగా అమ్మిన టేల్స్ ఆఫ్ ది స్వోర్డ్ కోస్ట్ అనే ఎక్స్‌పాన్షన్, అంటే అదనపు భాగం, ఇందులోనే ఉంది. నీరా, డోర్న్, రసాద్ లాంటి కొత్త తోడుగాళ్లు చేరారు. తెరకు తగ్గట్టు బొమ్మ సాగుతుంది, మౌస్ చక్రం తిప్పితే దగ్గరకొస్తుంది. కథ మాత్రం మీరెరిగిందే.

ఆటలో ఫ్రెండ్లీ ఆర్మ్ ఇన్ అనే సత్రం మెట్లు మీకు గుర్తుండే ఉంటాయి. హీరోని పెంచిన గోరియన్ పోయాక, చిన్ననాటి నేస్తం ఇమోయెన్‌ని వెంటబెట్టుకుని, ఇక్కడ మనవాళ్లు దొరుకుతారని ఆశగా వెళ్తాం. మెట్ల మీద ఒక మాంత్రికుడు పలకరిస్తాడు. మాట పూర్తయ్యేలోపే మిర్రర్ ఇమేజ్ వేసి తన చుట్టూ తనలాంటి వాళ్లనే నిలబెడతాడు. మనం బాణం వేస్తే నీడకి తగులుతుంది. అతను హారర్ మంత్రం వేస్తే మనవాళ్లు తలో దిక్కుకీ పరిగెడతారు. మన హీరో మొదటి లెవల్ మాంత్రికుడైతే ప్రాణమే నాలుగు నుంచి ఆరు పాయింట్లు. హీరో చచ్చిపోతే ఆట అక్కడితో ఆఖరు. అక్కడ నేను ఎన్నిసార్లు చచ్చానో లెక్కలేదు. పాతికేళ్ల తర్వాత కొత్త తెర మీద అవే మెట్లెక్కుతుంటే చెయ్యి దానంతటదే సేవ్ మీటకి వెళ్లింది. కొత్తవాళ్లు భయపడక్కర్లేదు, ఇందులో స్టోరీ మోడ్ ఉంది, చావు లేకుండా కథ చూడొచ్చు. అలా ఆడటంలో తప్పేమీ లేదు.

ఇక మీ అబ్బాయి దించిన ఫైల్. ఇలాంటిదే నొక్కి ఈమధ్య శ్రీకాకుళంలో మా పక్క వీధి డిగ్రీ కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. డెస్క్‌టాప్ మీద ఒక టెక్స్ట్ ఫైల్ ఉంది. యాంటీవైరస్ ఆపండి, జిప్‌కి ఈ పాస్‌వర్డ్ కొట్టండి, సి డ్రైవ్ మొత్తాన్ని మినహాయింపుల్లో పెట్టండి అని వరసగా రాసుంది. వాడు అన్నీ చేశాడు. పాస్‌వర్డ్ ఉన్న జిప్ లోపలికి యాంటీవైరస్ చూడలేదు, తాళం వెయ్యడం అందుకే. సి డ్రైవ్‌ని మినహాయిస్తే, తర్వాత యాంటీవైరస్ మళ్లీ ఆన్ చేసినా అక్కడ ఏముందో తొంగి చూడదు. ఆట మాత్రం చక్కగా నడిచింది, అందుకే వాడికి అనుమానం రాలేదు.

వెనకాల నడిచింది వేరు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, వాటితో పాటు కుకీలు తీసుకుపోయే ప్రోగ్రామ్ అది. కుకీ అంటే, మీరు ఒకసారి లాగిన్ అయ్యాక 'ఇతను మనవాడే' అని ఆ సైట్ ఇచ్చిన చీటీ. ఆ చీటీ చేతిలో ఉన్నవాడిని చాలా సైట్లు పాస్‌వర్డ్ అడగవు, ఓటీపీ అడగవు. "ఓటీపీ నా ఫోన్‌కే కదా వస్తుంది, నాకేం భయం" అనే ధీమా ఇక్కడ పనికిరాదు. ఆ ల్యాప్‌టాప్‌లో వాళ్లమ్మ ఈమెయిల్ తెరిచి ఉంది. మర్నాటికి ఆమె మెయిల్‌లోకి ఆమె దూరలేకపోయింది.

మీ అబ్బాయి ఇంకా నొక్కకపోతే ఫైల్ తీసెయ్యండి, చాలు. నొక్కి ఉంటే నెట్ ఆపెయ్యండి. ఇంకో శుభ్రమైన ఫోన్ నుంచి ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చి, 'అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్' నొక్కండి. అలా నొక్కితేనే ఆ చీటీలు చెల్లకుండా పోతాయి. తర్వాత విండోస్ కొత్తగా వేయించండి. డబ్బు పోయి ఉంటే గంటలు లెక్కపెట్టుకోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. ఫోన్లో ఎవరో పంపిన ఏపీకేలకీ, అంటే యాప్ ఫైళ్లకీ, ఇదే మాట. కోబోల్డులనే బుల్లి రాక్షసులతో కొట్టుకునే ఆటకి మీ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి ఎందుకు?

అయితే ఈ దొంగదారికి జనాన్ని తోస్తున్న వాళ్ల మీద కూడా నాకు కోపం ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా పెద్దమ్మగారింట్లో ఉన్నాను. రోజుల తరబడి కరెంటు లేదు, నెట్ లేదు. వీధిలో ఒకాయన జనరేటర్ పెట్టి అందరి ఫోన్లకీ ఛార్జింగ్ ఇచ్చాడు, నా ల్యాప్‌టాప్‌కీ ఇచ్చాడు. డబ్బు పెట్టి కొన్న ఆట తెరిస్తే సర్వర్ దొరకలేదని మూసుకుపోయింది. ఒక్కడినే ఆడుకునే ఆటకి సర్వర్‌తో పనేంటి? కొన్నవాడిని రోజూ దొంగలా తనిఖీ చేసే పద్ధతి ఇది. ఆ రాత్రి పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న ఐస్‌విండ్ డేల్ అనే పాత ఆట మాత్రం నడిచింది. జీవోజీ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొంటే ఇన్‌స్టాలర్ ఫైల్‌నే మన దగ్గర దాచుకోవచ్చు, తాళం ఉండదు. పాత ఆటలు అక్కడే కొనమని నేను చెప్పేది అందుకే.

విండోస్ మార్చేముందు డాక్యుమెంట్స్‌లో ఆట పేరుతో ఉన్న ఫోల్డర్ తెరిచి అందులోని 'సేవ్' ఫోల్డర్ ఒక్కటి కాపీ చేసుకోండి. నలభై గంటలు ఆడిన సేవ్‌లు ఫార్మాట్‌లో పోయాయని రాసేవాళ్లకి నా దగ్గర జవాబు లేదు. మాడ్‌లు, అంటే ఆటకి అభిమానులు చేసిన మార్పులు, వేసుకున్నవాళ్లు స్టోర్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపుకోవాలి, లేకపోతే సగం ఆటలో మాడ్ చెడిపోతుంది.

ఈ ఆటలు ఏ వరసలో ఆడాలని కూడా అడిగారు. మొదటి భాగం అయ్యాక 2016లో వచ్చిన సీజ్ ఆఫ్ డ్రాగన్‌స్పియర్, దాని తర్వాత రెండో భాగం, ఆఖరున థ్రోన్ ఆఫ్ భాల్. ఒకే హీరోని చివరిదాకా తీసుకెళ్లొచ్చు. డ్రాగన్‌స్పియర్ విడిగా నడవదు, మొదటి భాగం ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ ఉండాలి. అది చూసుకుని కొనండి.