బెంగళూరు మిద్దె మీద ఏ బంగాళాదుంప రకం వేయాలి?

బెంగళూరులో మిద్దె మీద రెండు మూడు రకాల బంగాళాదుంపలను పక్కపక్కన పెంచి చూడాలని ఉందనీ, ఏ రకాలు వేయాలో, ఎప్పుడు తవ్వాలో, వచ్చే ఏటికి విత్తన దుంపలను దాచుకోవచ్చో లేదో చెప్పమనీ అడిగారు. ఈ ఊరిలో కొన్నేళ్లుగా మిద్దె మీద ఈ పంట వేస్తున్న అనుభవంతో ఒక మాట ముందే చెబుతాను. రకం గురించి మీరు పడుతున్న మథనంలో సగమైనా నాటే నెల గురించి పడితే పంట దానంతట అదే వస్తుంది.

దుంప ఊరడానికి రాత్రి చలి కావాలి. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటిన కొద్దీ దుంప ఊరడం మందగిస్తుంది, మొక్క పగలంతా సంపాదించుకున్నది కాడలకూ ఆకులకూ ఖర్చయిపోతుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడి రాత్రులు 15, 16 డిగ్రీలకు దిగుతాయి. చెన్నైలో ఉన్న మా తమ్ముడు నా దగ్గరి విత్తనమే తీసుకువెళ్లి వేస్తే, చూడముచ్చటైన మొక్క వచ్చింది గాని అడుగున గోలీకాయలంత దుంపలే దొరికాయి; అక్కడ జనవరిలో కూడా రాత్రి సగటున 20 డిగ్రీల దిగువకు రాదు. అందువల్ల మీరు అక్టోబరు చివరి నుంచి నవంబరు మధ్యలోపు నాటండి. చిక్కబళ్లాపురం, కోలారు వైపు రబీ రైతులు వేసేది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. హాసన్‌లో మే, జూన్ నెలల్లో వానాధారంగా వేస్తారు కదా అని ఎవరో ఒకరు తప్పక అంటారు. వేస్తారు, నిజమే, కానీ ముసురు పట్టిన వారంలో ఆకుమాడు తెగులు సోకితే చేలకు చేలు నల్లబడిపోవడం కూడా ఆ రైతులకు తెలుసు. 1845లో ఐర్లాండును కరువులోకి నెట్టిన తెగులు అదే. మిద్దె మీద మట్టి నింపిన పది సంచులు పెట్టుకున్న మనకు ఆ జూదం అవసరం లేదు.

ఇక రకాలు. మన దేశంలో దొరికే పేర్లలో చాలావాటికి ముందు 'కుఫ్రీ' అని ఉంటుంది. అది సిమ్లా దగ్గరి ఊరు, సిమ్లాలోని కేంద్రీయ బంగాళాదుంప పరిశోధన సంస్థ విడుదల చేసిన రకాలకు ఆ పేరు తగిలిస్తారు. 1968లో వచ్చిన కుఫ్రీ జ్యోతి మూడు, మూడున్నర నెలల పంట. కోడిగుడ్డు ఆకారం, తెల్లని తోలు, లోతులేని కళ్లు, కనుక తొక్క తీయడం సులువు. అదే ఏడాది వచ్చిన చంద్రముఖి ఇంకొంచెం ముందే చేతికి వస్తుంది. పీఠభూమి వేడిని కాస్త తట్టుకునే లౌకార్ కూడా తొందరగా వచ్చేదే, దొరికితే వదలకండి. వేడి తట్టుకునేందుకే తీర్చిన సూర్య అనే రకం కూడా ఉంది. ఎర్రతోలు సిందూరి మీద మీకు మోజు ఉంటే ఒక సంచికి మాత్రమే పరిమితం చేయండి, ఎందుకంటే దానికి దాదాపు నాలుగు నెలలు కావాలి, మన చలి ఫిబ్రవరి సగానికే తగ్గిపోతుంది. ఊదారంగు తోలు ఉన్న నీలకంఠ్ గురించి ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. దాని తోలే ఊదా, కోస్తే లోపల పసుపు. లోపలంతా ఊదాగా ఉన్న బొమ్మ పెట్టి, బంగారం తూచినట్టు గ్రాముల లెక్కన విత్తన దుంపలు అమ్మే ఆన్‌లైన్ మహానుభావుడు ఒకడు నాకూ నాలుగు దుంపలు పంపాడు. వచ్చినవి ముడతలు పడిన మామూలు తెల్ల దుంపలు. వంటింట్లో మొలకెత్తిన దుంపను నాటినా మొక్క వస్తుంది, కానీ అది ఏ రకమో తెలియనప్పుడు మీరు పోల్చి చూడాలనుకున్నది ఎలా పోలుస్తారు? పైగా శీతల గిడ్డంగిలో మొలక రాకుండా మందు పట్టించిన సరుకైతే నెలల తరబడి కదలనే కదలదు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న సంగతి. వీడియోల్లో చూపించే బంగాళాదుంప గోపురాన్ని కట్టకండి. ఇనుప జాలీని గుండ్రంగా చుట్టి, అడుగున విత్తనం పెట్టి, మొక్క ఎదిగిన కొద్దీ గడ్డీ మట్టీ పోస్తూ పోతే ప్రతి అడుగులోనూ ఒక అంతస్తు దుంపలు కాస్తాయని చెబుతారు. మా పై అంతస్తులో ఉండే ఇంజనీరుగారు ఈ మాట నమ్మి ఛాతీ ఎత్తున ఒకటి కట్టారు. కట్టడమంటే అలా ఇలా కాదు, తూకం చూసుకుని, లోపల తడి ఎంత ఉందో చూసే పరికరం గుచ్చి మరీ కట్టారు. కింది ఇంట్లో వి.కోట వైపు నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న పెద్దావిడ ఒకరున్నారు. వాళ్లది చిత్తూరు జిల్లా సరిహద్దు పల్లె, పెళ్లయిన నాటి నుంచి ఆ చేలల్లో తవ్విన మనిషి. ఆమె ఆ జాలీ చుట్టూ ఒకసారి తిరిగి, "ఏం నాయనా, ఉర్లగడ్డ మెట్లెక్కుతాదా?" అని అడిగి వెళ్లిపోయారు.

విప్పే రోజు ఆదివారం పెట్టుకున్నారు, పిల్లలతో సహా అందరమూ చేరాము. జాలీ కట్లు కోయగానే గడ్డి కట్టగట్టుకుని జారింది. పైన ఎండుగడ్డి, దాని కింద చెమ్మగిల్లి తెల్లబూజు పట్టిన గడ్డి, మధ్యలో కాడలు పాలిపోయి తాళ్లలా సాగి ఉన్నాయి, ఒక్క దుంప లేదు. ఇంజనీరుగారు చేతులతో కెలుకుతూ కిందికి, ఇంకా కిందికి వెళ్లారు. చిట్టచివరి జానెడు మట్టిలో, పెట్టిన విత్తన దుంపలు కుళ్లి తోలు మాత్రం మిగిలిన చోట, వాటిని చుట్టుకుని ఉన్న తెల్లని పిలక కాడల చివర దుంపలు గుత్తిగా కనిపించాయి. మంచి దుంపలే, కానీ పక్కన నా మామూలు సంచిలో వచ్చినన్నే. పెద్దావిడ ఏమీ అనలేదు, ఒక దుంపను తీసుకుని బొటనవేలితో తోలును పక్కకు నెట్టారు. అది తడిసిన కాగితంలా జారి వచ్చింది. "తోలింకా లేతగా ఉండాది, పది దినాలు ఆగాల్సింది" అన్నది ఆమె చేసిన ఒకే ఒక విమర్శ.

కారణం కష్టమైనదేమీ కాదు. దుంప అనేది వేరు కాదు, మట్టిలో పక్కకు పాకే కాడ కొస ఉబ్బినది. ఆ పాకే కాడలు విత్తనానికి దగ్గరి కణుపుల నుంచి మొదటి వారాల్లోనే వస్తాయి, మనకు దొరికే త్వరిత రకాల్లో దుంపలు ఇంచుమించు ఒకేసారి కడతాయి. ఆ తరువాత మీరు ఎంత మట్టి పోసినా మొక్క దాన్ని దాటుకుని పైకి రావడానికే శ్రమపడుతుంది. ఒక గోపురాన్ని చూసి తీర్పు చెబుతున్నానని ఎవరైనా అంటే, నాకు ఆ ఒక్కటి చాలు. మట్టి ఎగదోయవద్దని మాత్రం అనడం లేదు. మొక్క జానెడు పెరిగినప్పుడు ఒకసారి, ఇంకొన్ని వారాలకు మరొకసారి ఎగదోయాలి. అది దుంపకు ఎండ తగలకుండా ఉండటానికి. వెలుగు తగిలిన దుంప ఆకుపచ్చగా మారుతుంది, దానితోపాటు సోలనిన్ అనే చేదు విషం కూడా పెరుగుతుంది, ఉడికించినా అది పోదు. పచ్చబడిన దుంపను కూరలో వేయకండి.

అడుగున్నర లోతున్న సంచి చాలు. కోడిగుడ్డంత దుంపను కోయకుండా, మొలకలు పైకి ఉండేటట్టు నాలుగు అంగుళాల లోతున పెట్టండి; మన మట్టి వేడికి కోసిన ముక్కలు త్వరగా కుళ్లుతాయి. ప్రతి మొక్కకూ బూడిద చల్లమనే సలహా మిద్దెతోటల బృందాల్లో ఎందుకు ఆగదో నాకు అర్థం కాదు. బూడిదతో మట్టి క్షారగుణానికి తిరిగితే దుంప తోలు మీద గజ్జి మచ్చలు ఎక్కువవుతాయి. టమాటా, వంగ, మిరప పెంచిన మట్టిని కూడా వాడకండి, అవన్నీ ఒకే కుటుంబం, తెగుళ్లనూ పంచుకుంటాయి. నీళ్లు దుంప కట్టే వారాల్లో ఎక్కువ తక్కువలు కాకుండా పెట్టాలి. మా సంఘంవారు మిద్దె కుళాయిని ఉదయం గంటసేపే వదులుతారు కాబట్టి నేను బకెట్లు మోస్తాను, ఆ ఫిర్యాదు ఇక్కడ పొడిగించను.

తవ్వడానికి పువ్వు కోసం ఎదురుచూడకండి, కొన్ని మొక్కలు పూయకుండానే దుంప ఇస్తాయి. ఆకులు పసుపెక్కి కాడలు వాలినప్పుడు నీళ్లు ఆపి, కాడలను నేల మట్టానికి కోసి, పది పదిహేను రోజులు సంచిని అలాగే వదిలేయండి. తరువాత ఒక దుంపను తీసి పెద్దావిడ చేసినట్టే బొటనవేలితో నెట్టి చూడండి; తోలు కదలకపోతే సంచిని గోనెపట్టా మీద బోర్లించండి. రకాలను కలిపేయకుండా వేరువేరు బుట్టల్లో, కడగకుండా, చీకటిగా ఉండి గాలి తగిలే మూలన ఉంచండి.

విత్తనం దాచుకోవడం మాత్రం కుదరదు. ఫిబ్రవరిలో తవ్విన దుంప రెండు మూడు నెలలు నిద్రపోయి ఎండాకాలంలోనే మొలకెత్తుతుంది, మీరు నాటవలసింది అక్టోబరులో. శీతల గిడ్డంగి ఉన్నా ఇంకో చిక్కు ఉంది: ఆకుల రసం పీల్చే పేనుబంక పురుగులు మోసుకువచ్చే వైరసులు దుంపలోనే ఉండిపోయి ఏటేటా దిగుబడిని కోస్తాయి. చలిలో పేనుబంక తక్కువగా ఉండే రోజులు చూసుకుని పంజాబు మైదానాల్లో విత్తన పంట తీస్తారు, హాసన్ రైతులు జలంధర్ విత్తనం కొనేది అందుకే. మీరు కూడా సెప్టెంబరులోనే చిక్కబళ్లాపురం వైపు విత్తన వ్యాపారులను అడిగి, సంచి మీద రకం పేరు ఉన్నదే కొనండి. అరబస్తాకు తక్కువ ఇవ్వరు, ఇరుగుపొరుగును కలుపుకోండి.