నుదుటి మీద రాయమ్మా

బంగారుతల్లీ,

ఆర్మీ మెడికల్ కోర్‌లో నీకు ఆఫీసరుగా కమిషన్ వచ్చిందనీ, వచ్చే నెల లక్నో రమ్మన్నారనీ మీ అమ్మ ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. దానికి ధైర్యం చెప్పాను గానీ రాత్రంతా నాకే నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి, పెట్టె అడుగున ఉన్న నా పతకాలు తీసి తుడిచాను.

బూట్లు ఒక సైజు పెద్దవి కొను, రెండు మేజోళ్లు పడతాయి. హిందీ బాగా నేర్చుకో. పల్టన్‌లో నీ నర్సింగ్ అసిస్టెంట్ మాట విను. గాయాలు నీకంటే అతనే ఎక్కువ చూసి ఉంటాడు. మందుల పెట్టె ఎప్పుడూ వదలకు. 1950లో కొరియాలో ప్యాంగ్యాంగ్ ఖాళీ చేసేటప్పుడు బళ్లు లేకపోతే, మన సైన్యపు వైద్య దళం, కల్నల్ రంగరాజ్ గారి 60 పారా ఫీల్డ్ అంబులెన్స్ వాళ్లు, ఎవరో వదిలేసిన రైలింజను పట్టుకుని సామాను తెచ్చుకున్నారు. మిగతావి లక్నోలో నేర్పుతారు.

నేర్పినా మరిచిపోయేది ఒకటుంది.

1971 డిసెంబరు, పాకిస్తాన్‌తో యుద్ధం, షకర్‌గఢ్ వైపు. నాకు ఇరవయ్యారేళ్లు. చెరకు తోట గట్టు పక్కన గొయ్యి తవ్వి టార్పాలిన్ కప్పితే అదే ఎయిడ్ పోస్ట్. రాత్రి ఒక కుర్రాడిని మోసుకొచ్చారు. మందుపాతర మీద అడుగేశాడు, పాదం లేదు. రక్తం ఆగేలా టూర్నికెట్ పట్టీ బిగించి, నొప్పికి మార్ఫిన్ 15 మిల్లీగ్రాములు చర్మం కింద ఇచ్చాను. అరగంటైనా నొప్పి తగ్గలేదు. "డాక్టర్ సాబ్" అంటూ నా చెయ్యి వదల్లేదు. చూడలేక ఇంకోటి ఇచ్చాను. రక్తం పోయి, చలికి బిగుసుకుపోయిన మనిషికి చర్మంలో రక్తం ఆడదు. నేనిచ్చిన మందంతా అక్కడే నిలిచిపోయింది. ఇంతలో మరో ఇద్దరిని తెచ్చారు, అటు తిరిగాను. ఇచ్చినట్టు ఎక్కడా రాయలేదు.

వెనక డ్రెస్సింగ్ స్టేషన్‌లో దుప్పట్లు కప్పి, ప్లాస్మా ఎక్కించారు. ఇంకా మూలుగుతున్నాడు. నుదురు ఖాళీగా ఉంది, మార్ఫిన్ ఇచ్చిన గుర్తు లేదు. అక్కడి డాక్టరు మూడోది ఇచ్చాడు. ఒళ్లు వెచ్చబడేసరికి మూడూ ఒక్కసారే రక్తంలోకి దిగాయి. నిమిషానికి నాలుగు ఊపిరులు. తెల్లారేదాకా చేత్తో ఊపిరి అందించారట. బతకలేదమ్మా. ఆ డాక్టరు తప్పు కాదు, నాది.

ఇప్పుడు మీరు నరంలోకే ఇస్తారు, విరుగుడుగా నాలోక్సోన్ ఉంది. అయినా రాయి. మార్ఫిన్ ఇస్తే నుదుటి మీద 'ఎం', ఎంత ఇచ్చావో, టైము. టూర్నికెట్ వేస్తే 'టి', టైము. పెన్ను లేకపోతే కాటుకతో రాయి, లిప్‌స్టిక్‌తో రాయి. చీకట్లో రాయి, బాంబులు పడుతున్నా రాయి.

మొన్న నాకు బీపీ మాత్రలు రాసిచ్చిన చీటీ మీద తేదీ లేదు. డాక్టరువి, అంత నిర్లక్ష్యమేమిటి? ఆ రోజు నువ్వు నా చెయ్యి పట్టుకుని నాడి చూస్తుంటే కోప్పడలేకపోయాను. నీ చేతులు చిన్నప్పటిలాగే వెచ్చగా ఉన్నాయి.

వెళ్లేలోగా ఒకసారి ఊరికి రా. అమ్మమ్మ సున్నుండలు చేస్తానంటోంది. ఆ చీటీ దాచి ఉంచాను, తేదీ వేసి వెళ్దువు గాని.

మీ తాతయ్య