పైరో నెగటివ్ డెన్సిటీని మామూలు డెన్సిటోమీటర్‌తో కొలవొచ్చా?

నీలిరంగు ఫోటో ప్రింట్ పద్ధతి అయిన సయనోటైప్ కోసం, పైరో అనే డెవలపర్‌లో డెవలప్ చేసిన నెగటివ్‌లకు మామూలు డెన్సిటోమీటర్ సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. నెగటివ్ వెలుగును ఎంత ఆపుతుందో, అంటే దాని డెన్సిటీని, కొలిచే ఆ మీటర్ చూసేది కంటికి కనిపించే వెలుగును. మీ కాగితం స్పందించేది ప్రధానంగా అతినీలలోహిత కిరణాలకు, అంటే యూవీకి. పైరో వదిలే పసుపుపచ్చ మరక చూడ్డానికి పల్చగానే ఉంటుంది గానీ యూవీని గట్టిగా ఆపుతుంది. అందుకే మీటర్ అంకె తక్కువ చూపిస్తుంది. ఇంక్‌జెట్ నెగటివ్‌లతోనూ ఇదే తంటా.

యూవీ మోడ్ ఉన్న డెన్సిటోమీటర్ దొరికితే మంచిదే. నా ఓటు మాత్రం 21 మెట్ల స్టౌఫర్ స్టెప్ ట్యాబ్లెట్‌కే, అంటే మెట్టుమెట్టుకూ నల్లబడే ఫిల్మ్ పట్టీకే. ఒక్కో మెట్టుకు 0.15 డెన్సిటీ పెరుగుతుంది, అంటే అర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగు సగానికి తగ్గడం). దాన్నీ నెగటివ్‌నూ రసాయనం పూసిన ఒకే కాగితం మీద పక్కపక్కనే ఆనించి పెట్టి కాంటాక్ట్ ప్రింట్ తీయండి. కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. తడి ప్రింట్ చూసి లెక్క కడితే తప్పుతుంది. ఇప్పుడు ప్రింట్‌లో ఆకాశం టోన్ తొమ్మిదో మెట్టుతో కలిసిందనుకోండి. మొదటి మెట్టు నుంచి ఎనిమిది మెట్లు పైకి, అంటే 8 × 0.15 = 1.2. మొదటి మెట్టుకే ఉండే 0.05 కలిపితే 1.25. ఆకాశం డెన్సిటీగా ఆ కాగితానికి అందింది అదే.

మరక లేని మామూలు నెగటివ్ అయితే ఇంత హడావిడి అక్కర్లేదు. లైట్ బాక్స్ మీద పెట్టి, చుట్టూ నల్లకాగితం కప్పి, చిన్న చోటు వెలుగును కొలిచే స్పాట్ మీటర్‌తో చూడండి. నెగటివ్ ఉన్నప్పుడూ లేనప్పుడూ వచ్చే తేడాలో ఒక్కో స్టాప్‌కు 0.3 డెన్సిటీ.