కొమ్ము పురుగు ‘పురుగే’నా?

సందేహం: కొబ్బరి తోటల్లో ‘కొమ్ము పురుగు’ అంటారు. పాకేది పురుగు కదా, ఎగిరేదాన్ని అలా అనవచ్చా? పెంటకుప్పలో దొరికే తెల్లని పురుగునూ అదే పేరుతో పిలవడం తప్పు కాదా?

సమాధానం: నిస్సందేహంగా అనవచ్చు. పాకేదే పురుగన్న నియమం తెలుగులో ఎన్నడూ లేదు. మిణుగురు పురుగు ఎగురుతుంది. చీకట్లో పామును పేరెత్తి పిలవడానికి జంకి ‘పురుగు ముట్టింది’ అనేవారు ఇప్పటికీ ఉన్నారు. ముందు రెక్కలు గట్టి పెంకులా ఉండే జాతిని ‘పెంకు పురుగులు’ అంటాం. కొమ్ము పురుగు ఆ జాతిదే. దానికే ‘ఖడ్గమృగ కీటకం’ అన్నది పుస్తకాల కోసం కట్టిన మాట, తోటలో పలకదు.

రెండో ప్రశ్నే అసలైనది. తల్లి పురుగు పెంటకుప్పల్లోనూ కుళ్లిన కొబ్బరి మొద్దుల్లోనూ గుడ్లు పెడుతుంది. సుమారు 10 రోజులకు వెలువడే పిల్ల పురుగు తెల్లగా, లావుగా, గోధుమరంగు తలతో, కొడవలిలా వంగి ఉంటుంది; తల వెనుక 3 జతల కాళ్లుంటాయి. అది కుళ్లిన పదార్థాన్నే తింటూ రెండుసార్లు కుబుసం విడిచి, తిండినీ వాతావరణాన్నీ బట్టి కొన్ని నెలలు పెరిగి, ఆపైన తిండి మాని రూపం మారే కోశస్థ దశలో 3, 4 వారాలు గడిపి, నల్లని పెంకు పురుగై బయటికి వస్తుంది. పచ్చని చెట్టుకు పిల్ల పురుగు చేసే కీడేమీ లేదు. మొవ్వును, అంటే చెట్టు నడినెత్తిన ఇంకా విచ్చుకోని లేత ఆకుల చుట్టను, తొలిచేది ఎదిగిన పురుగే. రాత్రిపూట ఎగిరివచ్చి, మట్టల మొదళ్ల నడుమ దూరి, నమిలిన పీచును రంధ్రం బయటికి నెడుతుంది. ఆ మొవ్వు విచ్చుకున్నాక ఆకులు కత్తెరతో విసనకర్ర ఆకారంలో కోసినట్లు కనబడతాయి.

కాబట్టి మాటల్లో రెండింటినీ కొమ్ము పురుగనడం తప్పు కాదు గాని, రాతలో ‘కొమ్ము పురుగు పెంటకుప్పలో ఉండి చెట్టును తొలుస్తుంది’ అన్న వాక్యం మాత్రం తప్పు; రెండు దశల పనులను ఒకే కర్తకు అంటగట్టడం వల్ల, కుప్పలో వెతకవలసిందేమిటో, మొవ్వులోనుంచి ఇనుప కొక్కెంతో లాగవలసిందేమిటో చదివే రైతుకు తెలియకుండా పోతుంది. ‘కొమ్ము పురుగు మొవ్వును ఆశిస్తుంది, దాని పిల్ల పురుగులు పెంటకుప్పల్లో పెరుగుతాయి’ అని విడదీసి రాయాలి. ఇక్కడ ‘ఆశించు’ అంటే కోరుకోవడం కాదు, తెగులు గాని పురుగు గాని పైరును పట్టడం. వ్యవసాయ వ్యవహారంలో స్థిరపడిన ప్రయోగమే.

కొమ్ము పొడవుగా ఉండేది మగదానికి. ఆడదానికి అది పొట్టిగా ఉంటుంది, పొట్ట చివర ఎర్రటి నూగు ఎక్కువ. అయినా పేరు రెండింటికీ చెల్లుతుంది.