డాక్టర్ సలహా: ఆ పరికరం సంగతి సరే, మూడు నెలల దురద సంగతేమిటి?

ప్రశ్న: నా వయసు 43. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మావారు కువైట్‌లో పని చేస్తారు, రెండేళ్లకోసారి వస్తారు. కిందటిసారి వచ్చినప్పుడు ఆయనే నాకు లైంగిక సుఖం కోసం వాడే చిన్న వైబ్రేటర్ తెచ్చిచ్చారు. అప్పుడప్పుడు వాడతాను. ఈమధ్య అక్కడ స్పర్శ తగ్గినట్టు అనిపిస్తోంది. వైబ్రేటర్ వల్ల నరాలు మొద్దుబారతాయని, ఇప్పుడు గాలితో పీల్చే రకం వచ్చిందని, దానివల్ల నరాలకు ఏమీ కాదని చదివాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు అది తెస్తానంటున్నారు. రెండింటికీ తేడా ఏమిటి? పీల్చడం వల్ల రక్తం గడ్డకట్టదా? దానికే అలవాటు పడిపోతే తర్వాత భర్తతో ఇబ్బంది వస్తుందా? మూడు నెలలుగా అక్కడ కొంచెం దురద కూడా ఉంది. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తే తగ్గుతోంది, మళ్లీ వస్తోంది. షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. టెన్షన్‌కి రాత్రి ఒక మాత్ర వేసుకుంటున్నాను.
– ఒక సోదరి, కోనసీమ

జవాబు: అమ్మా, పరికరాల గురించి ఇంత వివరంగా అడిగారు, దురద గురించి మాత్రం పోనీలే అన్నట్టు చివర్లో ఒక మాట రాశారు. నేను ఆగిపోయింది అక్కడే. ఓపీ మధ్యలో రాస్తున్నాను కాబట్టి ముందు ముఖ్యమైనది చెప్పేస్తాను. ఆ దురద ఏమిటో తేలేదాకా పాతదీ వద్దు, కొత్తదీ వద్దు. రెండూ పక్కన పెట్టండి.

మీరు రాస్తున్న ట్యూబు ఒకసారి చేతిలోకి తీసుకుని, వెలుతురులో దాని మీది సన్నక్షరాలు చదవండి. క్లోబెటసాల్ అనో, బీటామెథసోన్ అనో, బెక్లోమెథసోన్ అనో ఉంటుంది. దాని పక్కనే నియోమైసిన్ లాంటి యాంటీబయాటిక్, మైకోనజోల్ లేదా క్లోట్రిమజోల్ లాంటి ఫంగస్ మందు కూడా ఉంటాయి. మన ఊళ్లలో దురద అని చెయ్యి చూపించగానే కౌంటర్ మీదికొచ్చేది ఈ మూడూ కలిపిన ట్యూబే. మీదీ అదేనని నేను ఖాయంగా చెప్పలేను, కానీ రాస్తే తగ్గి, మానేస్తే తిరగబెడుతోందంటే అనుమానం అటే పోతుంది.

ఆ మూడింట్లో మొదటి రకం స్టెరాయిడ్. అది దురదని, ఎరుపుని వెంటనే అణిచేస్తుంది. మీకు హాయిగా ఉంటుంది, జబ్బు తగ్గిందనుకుంటారు. కింద ఫంగస్ ఉంటే అది మాత్రం నివురుగప్పిన నిప్పులా అలాగే ఉంటుంది, ఒక్కోసారి ఇంకా పాకుతుంది. ట్యూబు ఆపగానే ముందుకన్నా ఎక్కువగా మండుతుంది. మళ్లీ ట్యూబు. ఇలా నెలలు గడిస్తే అక్కడి చర్మం పలచబడుతుంది, సబ్బు తగిలినా, చెమట పట్టినా మంట. ఆ భాగంలో చర్మం అసలే సున్నితం, మందుని ఎక్కువగా పీల్చుకుంటుంది. 2018లోనే ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. అమ్మేవాళ్లు అమ్ముతూనే ఉన్నారు, కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు. షాపులో ఉన్నది మగవాడైతే మన ఆడవాళ్లు ఎక్కడ దురదో కూడా చెప్పరు, 'దురదకి ఏదైనా ఇవ్వండి' అంటారు. అతను గజ్జికీ తామరకీ ఇచ్చేదే ఇస్తాడు. ఇందులో ఎవర్ని తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంకో సంగతి. ఇలా నెలల తరబడి దురద పెట్టేవాటిలో లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి ఒకటుంది. మీ వయసు దాటాక, నెలసరి ఆగే రోజుల్లో ఎక్కువగా చూస్తాం. చర్మం తెల్లబడుతుంది, పలచబడుతుంది, రాత్రిపూట దురద ఎక్కువవుతుంది. పట్టించుకోకపోతే క్లిటోరిస్ (యోనిద్వారానికి పైన, స్పర్శ బాగా తెలిసే చిన్న భాగం) మీద ఉండే చర్మపు మడత అతుక్కుపోయి దాన్ని కప్పేస్తుంది. అప్పుడు స్పర్శ తగ్గినట్టే ఉంటుంది. మీకు అదే ఉందని నేను అనడం లేదు, కంటితో చూడకుండా అనకూడదు కూడా. కానీ స్పర్శ తగ్గడమూ, దురదా ఒకేచోట ఉన్నప్పుడు వైబ్రేటర్‌ని అనుమానించే ముందు చర్మాన్ని చూడాలి. విచిత్రమేమిటంటే ఈ జబ్బుకి మందు కూడా క్లోబెటసాలే. అయితే వేరే మందులేవీ కలపకుండా అదొక్కటే, కొలతగా, ఇన్ని వారాలు రోజూ, తర్వాత ఇన్నాళ్లకోసారి అని డాక్టరు చెప్పిన లెక్కలో వాడాలి. ఏళ్ల తరబడి వదిలేస్తే కొద్దిమందిలో అక్కడ క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంది కాబట్టి ఆ తర్వాత కూడా చూపించుకుంటూ ఉండాలి. అంటే అదే మందు మీకు మేలు చేసేదీ కావచ్చు, కీడు చేసేదీ కావచ్చు. తేల్చాల్సింది షాపు కౌంటర్ కాదు.

షుగర్ సంగతి. ఎప్పుడు చూపించారో రాయలేదు. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష చేయించండి, గత రెండు మూడు నెలల సగటు షుగర్ తెలుస్తుంది, పరగడుపున వెళ్లక్కర్లేదు. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే జాగ్రత్త పడాల్సిన దశ, 6.5 గానీ ఆపైన గానీ ఉంటే షుగరే. షుగర్ ఎక్కువున్నవాళ్లలో క్యాండిడా అనే ఫంగస్ మాటిమాటికీ వస్తుంది. దురద, పెరుగు తరకల్లాంటి తెల్లబట్ట, మూత్రం తగిలితే మంట దాని లక్షణాలు. ఎంత క్రీమ్ రాసినా షుగర్ అదుపులోకి రాకపోతే అది తిరిగి వస్తూనే ఉంటుంది. షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాల స్పర్శ కూడా తగ్గుతుంది.

ఇక రాత్రి మాత్ర. పేరు రాయలేదు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటివైతే కోరిక తగ్గడం, స్పర్శ మందగించడం, భావప్రాప్తి ఆలస్యం కావడం వాటివల్ల బాగా తెలిసిన ఇబ్బందులే. ఈ మాట చదివి ఈ రాత్రే మాత్ర మానేయకండి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, పాత టెన్షన్ తిరగబెట్టడం జరుగుతాయి. రాసిచ్చిన డాక్టరుకి సిగ్గుపడకుండా చెప్పండి, మోతాదో మందో మారుస్తారు. దీనికితోడు 43 ఏళ్లకి కొందరిలో హార్మోన్లు తగ్గడం మొదలై పొడిదనం వస్తుంది. ఇన్ని కారణాలుండగా నేరమంతా ఆ చిన్న మోటారు మీద వేయడం న్యాయం కాదు.

సరే, మీరు అడిగినదానికి వస్తాను.

వైబ్రేటర్‌లో ఉండేది చిన్న మోటారు. దాని ఇరుసుకి ఒకవైపే బరువు తగిలించి ఉంటుంది, తిరిగినప్పుడు పరికరమంతా అదురుతుంది. పాతరకం సెల్‌ఫోన్ల వైబ్రేషన్ కూడా ఈ సూత్రం మీదే పని చేస్తుంది. అదురు చర్మానికి ఆనితేనే లోపలికి చేరుతుంది. ఎక్కువసేపు ఒకేచోట ఆనించి ఉంచితే కాసేపు తిమ్మిరెక్కినట్టు ఉంటుంది. బండి హ్యాండిల్ పట్టుకుని చాలాదూరం నడిపితే అరచేతులు ఎలా ఉంటాయో మీకు తెలుసు కదా. ఆ తిమ్మిరి సాధారణంగా కొద్దిసేపట్లో పోతుంది. ఇంట్లో వాడే వైబ్రేటర్ వల్ల అక్కడి నరాలు శాశ్వతంగా దెబ్బతింటాయనడానికి ఆధారాలు లేవు. అమెరికాలో 2009లో వెలువడిన ఒక పెద్ద సర్వేలో వాడేవాళ్లలో 71 శాతానికి పైగా తమకు అక్కడ ఎప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదన్నారు.

రెండో రకాన్ని సక్షన్ అంటున్నారు కానీ వాటిలో చాలావరకు పట్టి లాగేవి కావు. చిన్న గిన్నె లాంటి మెత్తటి మూతి ఉంటుంది, దాన్ని క్లిటోరిస్ చుట్టూ ఆనించాలి. లోపల ఒక పొర ముందుకీ వెనక్కీ కదులుతూ ఆ కొద్దిపాటి గాలిలో ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. క్లిటోరిస్ కొనకి నేరుగా ఏదీ రాసుకోదు, గాలి తరంగాలే తగులుతాయి. ఈ తరహా పరికరం 2014లో జర్మనీ నుంచి వుమనైజర్ పేరుతో మార్కెట్‌లోకి వచ్చింది, తర్వాత చాలా కంపెనీలు అందుకున్నాయి. బయటికి కనిపించే ఆ చిన్న కొనకి వచ్చే రెండు నరాల్లో కలిపి పదివేలకు పైగా నరపు పోగులుంటాయని 2022లో అమెరికాలోని ఓరెగాన్ పరిశోధకులు లెక్కగట్టారు. అందుకే రాపిడి లేకపోవడం కొందరికి హాయిగా ఉంటుంది, కొందరికి అదే మరీ ఎక్కువగా అనిపిస్తుంది. ఇది ఇష్టాయిష్టాల తేడా. ఒకటి నరాలకి మంచిది, రెండోది చెడ్డది అనేది అమ్ముకునేవాళ్ల మాట.

రక్తం గడ్డకట్టడం గురించి అడిగారు. నిజంగా వాక్యూమ్‌తో పట్టి ఉంచే పంపులు వేరే ఉన్నాయి. చప్టా దగ్గర బోరింగు కొట్టినట్టు చేత్తో నొక్కేవి అనుకోండి. వైద్యపరంగా కూడా ఒకటుంది. ఉద్రేకం కలగని స్త్రీల చికిత్సకి డాక్టరు చీటీ మీద ఇచ్చే ఈరోస్ అనే పరికరాన్ని అమెరికాలో మందులనీ వైద్య పరికరాలనీ నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2000లో అనుమతించింది. అది సన్నగా వాక్యూమ్ ఇచ్చి అక్కడికి రక్తప్రసరణ పెంచుతుంది. లెక్క లేకుండా ఇలాంటివి వాడితే వాపు, కమిలిన మచ్చలు, చర్మం కింద సన్నటి ఎర్రచుక్కలు వస్తాయి. లోపల ప్రమాదకరంగా గడ్డకట్టడం మామూలుగా జరిగేది కాదు. అయినా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు డాక్టరుని అడగకుండా వాడొద్దు. గాలి తరంగాల పరికరాన్ని యోనిద్వారం దగ్గర పెట్టొద్దు, అది బయట క్లిటోరిస్ కోసమే. గర్భిణులూ, కొత్తగా ప్రసవించినవాళ్లూ అసలు వాడకపోవడమే మేలు. ఆ సమయంలో లోపలికి గాలి పోతే అది రక్తంలో చేరి ప్రాణం మీదికి రావచ్చు.

అలవాటు భయం వదిలేయండి. దీనికి మత్తు పదార్థాల్లాంటి బానిసత్వం ఉండదు. ఒకే తీరుకి ఒళ్లు అలవాటు పడిందనిపిస్తే కొన్నాళ్లు విరామం ఇస్తే చాలు. పైగా తెచ్చేదే మీవారు, ఇందులో దాచేదేముంది? చట్టం గురించి కూడా కొందరు అడుగుతుంటారు. కస్టమ్స్ పట్టుకున్న బాడీ మసాజర్ల కేసులో వాటిని అశ్లీల వస్తువులనలేమని బొంబాయి హైకోర్టు 2024లో చెప్పింది. విమానాశ్రయంలో ఏమంటారన్నది నా సబ్జెక్టు కాదు.

నాకు పట్టింపు ఉన్నది శుభ్రత దగ్గర. మన డెల్టా గాలిలో తేమ మీకు కొత్తగా చెప్పాలా? వర్షాకాలంలో బీరువాలో పెట్టిన తోలు బెల్టుకి బూజు పడుతుంది. ఇలాంటి వస్తువుని కడిగి, తడిగానే గుడ్డలో చుట్టి, చీరల కింద దాచేస్తారు. పెరట్లో తీగ మీద ఆరబెట్టలేరు, నిజమే. అందుకని కడిగాక పొడి గుడ్డతో తుడిచి, తలుపేసుకుని ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడే లోపల పెట్టండి. గాలి పరికరాల్లో మూతి అంచు లోపలి సందులో తెల్లగా పేరుకుంటుంది, ఫంగస్‌కి అది మంచి చోటు. మూతి ఊడదీసి గోరువెచ్చటి నీళ్లు, మామూలు సబ్బుతో కడగాలి. మోటారు భాగం నీళ్లలో ముంచవచ్చో లేదో పెట్టెలోని కాగితం చెబుతుంది. చవకరకం రబ్బరు, జెల్లీ వస్తువులకి సూక్ష్మరంధ్రాలుంటాయి, ఎంత కడిగినా శుభ్రం కావు. సిలికాన్‌వి నయం. దానిమీద నీటితో చేసిన లూబ్రికెంటే వాడాలి, సిలికాన్ లూబ్రికెంట్ దాన్ని పాడు చేయవచ్చు. పరికరం కడగమన్నానని ఒంటిని డెటాల్ నీళ్లతో కడగొద్దు. ఉప్పునీళ్లూ వద్దు, లోపల సబ్బూ వద్దు. దురదకి మనవాళ్లు ముందు చేసే పని అదే, దురద పెరిగేదీ దానివల్లే.

 మీవారికి దురదో ఎరుపో ఉంటే ఆయనా వేరుగా చూపించుకోవాలి. గైనిక్ డాక్టరు ఇద్దరికీ సుఖవ్యాధుల పరీక్షలు రాస్తే మనసు కష్టపెట్టుకోకండి, ఇన్నాళ్ల దురదకి అవి మామూలుగా రాసేవే.

ఇది మీ ఉత్తరం చదివి చెప్పిన సలహా మాత్రమే, పరీక్షకి బదులు కాదు. సంక్రాంతి దాకా ఆగకుండా ఈ వారమే అమలాపురంలోనే గైనిక్ డాక్టరుకి చూపించండి. అవసరమైతే వాళ్లే కాకినాడ పెద్దాసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి పంపుతారు, అక్కడ చిన్న ముక్క తీసి పరీక్ష చేయడానికి వీలుంటుంది. కలయిక తర్వాత రక్తం కనిపించినా, మానని పుండు ఉన్నా, చేతికి గడ్డ తగిలినా వారం కూడా ఆగొద్దు. వెళ్లేటప్పటిదాకా ఆ క్రీమ్ ఆపండి, మంటగా ఉంటే ఉత్త వ్యాజలిన్ రాసుకోవచ్చు, కాటన్ లోదుస్తులు వేసుకోండి. రాత్రి మాత్ర చీటీ, పాత షుగర్ రిపోర్టు తీసుకెళ్లండి. క్రీమ్ ట్యూబు ఎంత నలిగిపోయినా పారేయకుండా సంచిలో వేసుకోండి, డాక్టరు మొదట అడిగేది దాన్నే.