బ్రన్సన్‌కు అంత డబ్బు ఎలా వచ్చిందంటే...

2021-22 సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 16.3 పాయింట్లే చేసిన జేలెన్ బ్రన్సన్‌కు, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ NBAలోని న్యూయార్క్ నిక్స్ టీమ్ 2022లో నాలుగేళ్లకు 104 మిలియన్ డాలర్లు ఎందుకిచ్చిందని, ఇలాంటివి ముందే ఎలా పసిగట్టాలని అడిగారు కదా. సగటు దగ్గరే ఆగిపోతే ఇది అర్థం కాదండీ.

ముందు చూడాల్సింది, కొనేవాళ్ల దగ్గర శాలరీ క్యాప్‌లో, అంటే ఆటగాళ్ల మొత్తం జీతాలకు లీగ్ పెట్టిన పరిమితిలో, చోటుందా అని. ఆ జూన్‌లో నిక్స్ తన ఆటగాళ్లు కెంబా వాకర్, అలెక్ బర్క్స్, నెర్లెన్స్ నోయెల్ ముగ్గురినీ డెట్రాయిట్ టీమ్‌కు పంపేయడానికి ఒప్పందాలు కుదుర్చుకుని, క్యాప్‌లో చోటు చేసుకుంది. అదే నెలలో బ్రన్సన్ తండ్రి రిక్‌ను అసిస్టెంట్ కోచ్‌గా తీసుకుంది. ఇంతకంటే స్పష్టమైన సూచన ఇంకేం కావాలి?

తర్వాత, పాత టీమ్‌కు (ఇక్కడ డల్లాస్‌కు) అడ్డుకునే హక్కుందా? కొత్త ఆటగాళ్లను టీమ్‌లు ఎంచుకునే 2018 డ్రాఫ్ట్‌లో బ్రన్సన్ రెండో రౌండ్‌లో, 33వ స్థానంలో ఎంపికయ్యాడు. నాలుగేళ్ల ఒప్పందం అయిపోగానే నచ్చిన టీమ్‌కు వెళ్లే పూర్తి స్వేచ్ఛ వచ్చింది. క్యాప్ దాటైనా అతన్ని నిలుపుకొనే వీలు డల్లాస్‌కు ఉండేది కానీ, వేరే టీమ్ ఆఫర్‌కు సరితూగే మొత్తం ఇచ్చి ఆపేసే హక్కు లేదు.

ఆటలో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువిచ్చేది, స్టార్ లేనప్పుడు ఏం చేశాడన్నది. 2022 ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర జరిగే నాకౌట్ పోరులో) యూటా టీమ్‌పై మొదటి మూడు మ్యాచ్‌లకు డల్లాస్ స్టార్ లూకా డాంచిచ్ గాయంతో దూరమయ్యాడు. రెండో మ్యాచ్‌లో బ్రన్సన్ 41 పాయింట్లు కొట్టాడు. అప్పటికి వయసు 25. రేటు పెరిగింది అక్కడే.

మీరు ఏ ఆటగాణ్ని గమనిస్తున్నా ముందు ఏయే టీమ్‌లకు క్యాప్‌లో చోటుందో చూసుకోండి. ఒక్క టీమ్‌కే ఉంటే, ఎంత బాగా ఆడినా బేరం గట్టిగా సాగదు.